శరత్కాలంలో కాసే నల్ల రాస్ప్‌బెర్రీ వంగడాన్ని పెరట్లో తయారుచేయగలమా?

ప్రశ్న: ఒహాయో పెరటి రైతు

నేను ఒహాయో రాష్ట్రంలో, కొలంబస్ నగర శివార్లలో ఉంటున్నాను. మా పెరటి కంచెకు అవతల ఉన్న చిన్న అడవి అంచున నల్ల రాస్ప్‌బెర్రీ పొదలు వాటంతట అవే పెరుగుతాయి. దీనిని బ్లాక్‌బెర్రీ అనుకునేవారు ఎక్కువ కనుక ముందే ఒక మాట చెబుతాను. పండు కోసినప్పుడు మధ్యలోని తెల్లని బొడిపె మొక్కకే ఉండిపోయి, పండు టోపీలా డొల్లగా చేతికి వస్తే అది రాస్ప్‌బెర్రీ. బొడిపెతో సహా ఊడివస్తే బ్లాక్‌బెర్రీ. పైగా నల్ల రాస్ప్‌బెర్రీ కాండం మీద, మన ఆముదపు కాడ మీద ఉన్నట్లే, వేలితో రాస్తే పోయే తెల్లని బూడిద పూత ఉంటుంది.

మామూలుగా ఈ మొక్కలో ఈ ఏడు నేలలోంచి లేచిన కాండం ఈ ఏడంతా ఆకులతోనే సరిపెట్టుకుని, చలికాలం గడిపి, మరుసటి జూన్ చివర నుంచి జూలై వరకు కాసి ఎండిపోతుంది. అయితే నిరుడు సెప్టెంబరు మూడో వారంలో ఎండు కాండాలు తీసేద్దామని కత్తెర పట్టుకుని వెళ్లినప్పుడు, ఒక పొదలో ఆ ఏడే లేచిన రెండు కాండాల చివర జానెడు మేర పూలు, పచ్చికాయలు, నాలుగైదు నల్లని పండ్లు ఒకే గుత్తిలో కనిపించాయి. ఏదో వాతావరణ వింత అనుకుని వదిలేశాను. ఈ ఏడు కూడా అదే పొద అదే విధంగా కాసింది. దానికి ఇటూ అటూ ఉన్న పది పన్నెండు పొదల్లో ఒక్కదానికీ పూత రాలేదు. పండు రుచిగానే ఉంది కానీ బఠాణీ గింజకు మించిన పరిమాణం లేదు, నోటి నిండా గింజలే.

మా పెరట్లో మూడు 'జ్యూయెల్' మొక్కలున్నాయి. న్యూయార్క్ రాష్ట్రంలోని జెనీవా పరిశోధన కేంద్రం 1973లో విడుదల చేసిన ఆ రకపు పండు పెద్దది, గట్టిది. దీని పండును, దాని శరత్కాలపు కాపును ఒకే మొక్కలోకి తేగలమా అన్నదే నా ఆలోచన. ఈ జూన్‌లో పది జ్యూయెల్ పూలకు గోళ్ల కత్తెరతో కేసరాలు కత్తిరించి, అప్పటికప్పుడే అడవి మొక్క పూతను తెచ్చి అద్దాను. ఏడు మాడిపోయాయి. మూడింటిలో ఐదారు ముత్యాలు (పండులోని చిన్న చిన్న గుండ్లు) మాత్రమే నిండిన వంకర కాయలు వస్తే పారేశాను. అడవి మొక్కను కొన అంటు ద్వారా, అంటే కాండం కొనను మట్టిలో పాతి వేళ్లు పట్టించి పెంచుదామంటే ఆ కొనంతా పూతే ఉంది.

ఈ గుణం సంతానానికి వస్తుందా, ఎన్ని మొక్కలు పెంచాలి, సంకరణంలో నేను చేసిన పొరపాటు ఏమిటి అనే మూడు సందేహాలు తీర్చగలరు. నాకు ఉన్న స్థలం సుమారు ఇరవై అడుగుల వెడల్పు, ముప్పై అడుగుల పొడవు.

సమాధానం: బాపట్ల పాత విద్యార్థి

నేను బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదివి, ప్రస్తుతం అమెరికాలో మరొక పంటలో ప్రజనన పని, అంటే కొత్త వంగడాలు తయారుచేసే పని చేస్తున్నాను. రాస్ప్‌బెర్రీ నా వృత్తి కాదు కానీ, సూత్రం అన్ని పంటలకూ ఒకటే కనుక చెబుతున్నాను.

మొదట మీరు చూసినది గుణమా, సందర్భమా అన్నది తేలాలి. వేసవి పొడవుగా, శరత్తు వెచ్చగా ఉన్న సంవత్సరాల్లో మామూలు రకాలు కూడా అప్పుడప్పుడు కొన దగ్గర నాలుగు పూలు పూస్తాయి. అయితే రెండేళ్లు వరుసగా అదే పొద పూయడం, పక్క పొదలు పూయకపోవడం మీ వైపు బలమైన ఆధారమే. ఆ పొదకు మాత్రమే ఎండ ఎక్కువ తగులుతోందేమో, ఏ నీటి గొట్టమో దాని పక్కనే ఉందేమో చూడండి. ఆ మొక్క నుంచి రెండు మూడు అంట్లను మీ పెరట్లో మరొక చోట, జ్యూయెల్ పక్కనే నాటి, అక్కడ కూడా కాస్తే అప్పుడు నమ్మండి.

ఇక వారసత్వం సంగతి. దీనికి దగ్గర చుట్టమైన బ్లాక్‌బెర్రీ కథ మీకు పాఠంలా పనికివస్తుంది. వర్జీనియాలో దొరికిన ఒక అడవి బ్లాక్‌బెర్రీ తొలి ఏటి కాండం మీదనే కాసేది. అది జెనీవా కేంద్రానికి చేరి, అక్కడి నుంచి అర్కాన్సా విశ్వవిద్యాలయానికి వెళ్లింది. అక్కడ 1960లలో దానిని మామూలు రకంతో సంకరం చేస్తే తొలి తరం మొక్కల్లో ఒక్కటీ శరత్తులో కాయలేదు. రెండో తరంలో గుణం మళ్లీ బయటపడింది. దాని నుంచి ప్రైమ్-జాన్, ప్రైమ్-జిమ్ అనే రకాలు రైతుల చేతికి వచ్చేసరికి 2004 అయింది. అంటే అది అంతర్గత గుణం, తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా అందితేనే కనిపిస్తుంది. నల్ల రాస్ప్‌బెర్రీలోనూ అలాగే ఉంటుందనుకుని ప్రణాళిక వేసుకోవడం క్షేమం. తొలి తరం మొక్కలు శరత్తులో పూయలేదని పీకి పారేస్తే కథ అక్కడే ముగిసిపోతుంది.

మీకు ఒక అదృష్టం ఉంది. బ్లాక్‌బెర్రీల్లో చాలావాటికి ప్రతి క్రోమోజోమూ నాలుగేసి ప్రతులుగా ఉంటుంది. నల్ల రాస్ప్‌బెర్రీలో పద్నాలుగు క్రోమోజోములే, ఒక్కోటి రెండేసి ప్రతులే. అందువల్ల లెక్క సులువు. ఒకే అంతర్గత జన్యువు అయితే రెండో తరంలో నాలుగింట ఒకటి కాస్తుంది. కనీసం ఒక్క మొక్క అయినా దొరుకుతుందని నూటికి తొంభై అయిదు పాళ్ల నమ్మకం కావాలంటే 11 మొక్కలు చాలు. రెండు జన్యువులు కలిసి పనిచేస్తే పదహారింట ఒకటి, అప్పుడు 47 మొక్కలు కావాలి. మూడైతే 191. అయితే ఇవన్నీ 'కాస్తే చాలు' అనే లెక్కలు. కాపు తొందరగా రావాలి, పండు పెద్దది కావాలి, కాండం బలంగా ఉండాలి అంటే ఆ కాసిన వాటిలో మళ్లీ ఏరుకోవాలి. ఆరు వందల చదరపు అడుగులకు దగ్గర దగ్గరగా నూట యాభై మొక్కలు పెట్టి, శరత్తులో పూయని వాటిని నిర్దయగా తీసేయడం ఒక పద్ధతి.

సమాధానం: గద్వాల సీడు పత్తి

మాది గద్వాల దగ్గర పల్లె; ఇప్పుడు మిషిగన్‌లో ఉంటున్నాను. మా ఇంట్లో చిన్నప్పటి నుంచీ సీడు పత్తి (సంకర విత్తనం కోసం పండించే పత్తి) ఉండేది కనుక, బడి సెలవుల్లో క్రాసింగ్ పని చేయని ఏడు నాకు గుర్తు లేదు. సాయంత్రం రేపు విచ్చుకోబోయే మొగ్గను పట్టుకుని, బొటనవేలి గోరుతో అడుగున చుట్టూ గాటు పెట్టి ఆకర్షణ పత్రాలనూ కేసరాల గొట్టాన్నీ ఒక్క మెలికతో ఊడదీయడం, గుర్తుకు రంగు కాగితం తొడగడం, మరునాడు పొద్దున్నే మగ పువ్వును తెచ్చి అద్దడం. మీరు చేసిన పొరపాట్లు మూడూ అందులో ఎవరైనా మొదటి రోజు చేసేవే.

మొదటిది, కత్తెర. రాస్ప్‌బెర్రీ పువ్వులో కేసరాలు గిన్నె అంచు చుట్టూ వలయంలా ఉంటాయి, మధ్యలో పచ్చని దువ్వెన పళ్లలా కీలాలు పదుల సంఖ్యలో ఉంటాయి. ఒక్కో కీలానికి ఒక్కో ముత్యం, ఒక్కో ముత్యంలో ఒక్కో గింజ. కత్తెర మొన తగిలిన ప్రతి కీలం ఒక ముత్యం తగ్గినట్టే. కత్తెరకు బదులు సన్నని పట్టకారు లేదా పదునైన చిన్న బ్లేడు తీసుకుని, గిన్నె అంచు కింద చుట్టూ గాటు పెడితే రక్షక పత్రాలు, ఆకర్షణ పత్రాలు, కేసరాలు ఉంగరంలా ఒకేసారి ఊడివస్తాయి, మధ్యభాగాన్ని ముట్టుకోనవసరమే రాదు. ఈ పని పువ్వు విచ్చుకోక ముందు రోజు, రక్షక పత్రాల సందులోంచి తెలుపు తొంగిచూస్తున్నప్పుడు చేయాలి. ఈ మొక్కలో ఆకర్షణ పత్రాలు రక్షక పత్రాల కన్నా పొట్టివి కనుక ఆ తెలుపు కోసం కొంచెం వంగి చూడవలసి ఉంటుంది. విచ్చుకున్న పువ్వుకు చేస్తే దాని పుప్పొడి అప్పటికే దానిమీదే రాలి ఉంటుంది. మీ మూడు కాయల్లో గింజలు జ్యూయెల్ సొంత సంతానమే కావచ్చు.

రెండవది, సమయం. కేసరాలు తీసిన రోజునే కీలాగ్రాలు సిద్ధంగా ఉండవు. మరునాడు ఒకసారి, ఆ తర్వాత రోజు విడిచి రోజు ఇంకొకటి రెండుసార్లు పుప్పొడి అద్దండి. మధ్యలో తేనెటీగలు రాకుండా పలుచని గుడ్డ సంచి కట్టండి. పుప్పొడి కోసం విచ్చుకోబోయే మొగ్గల నుంచి కేసరాలు గిల్లి, ఒక రాత్రి కాగితం మీద ఆరబెడితే పసుపు లాంటి పొడి రాలుతుంది. దానిని చిన్న సీసాలో, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లంతో పాటు ఫ్రిజ్‌లో ఉంచితే ఆ పూత కాలమంతా పనికొస్తుంది. చూపుడువేలి కొసతో అద్దండి, నాకు కుంచె కన్నా వేలే నమ్మకం.

మూడవది, ఆ వంకర కాయలను పారేయడం. అమ్మేవాడికి అది పిప్పి పండు, విత్తనం కావలసినవాడికి ఐదారు గింజలు. సీడు పత్తిలో ఒంటి తొన కాయను కూడా మేము వేరే సంచిలో వేసేవాళ్లం.

సమాధానం: విల్లామెట్ లోయ నుంచి

నేను ఒరెగాన్‌లో ఉంటాను. ఇక్కడ నల్ల రాస్ప్‌బెర్రీని ఫ్యాక్టరీలకు పంపే పంటగా పండిస్తారు, అదీ ఎక్కువగా 'మంగర్' అనే పంతొమ్మిదో శతాబ్దపు రకమే. నెక్రోసిస్ వైరస్, వెర్టిసిల్లియం వడలు తెగులు కారణంగా తోటలు కొన్నేళ్లకే చచ్చిపోవడం ఇక్కడి రైతుల పాత బాధ. సాగులో ఉన్న రకాలన్నీ ఒకదానికొకటి చాలా దగ్గర బంధువులు కావడంతో, కొర్వాలిస్‌లోని కేంద్ర వ్యవసాయ పరిశోధన కేంద్రం వారు తూర్పు రాష్ట్రాల నుంచి అడవి మొక్కల విత్తనాలు సేకరించి, వైరస్‌ను మోసే పేనుబంకను తట్టుకునే గుణాన్ని వాటిలోనే కనుగొన్నారు. కనుక మీ అడవి మొక్క బఠాణీ గింజంత పండును చూసి తక్కువగా అంచనా వేయకండి.

మీరు వెతుకుతున్న గుణం ఉన్న రకాలు ఇప్పటికే కొన్ని ఉన్నాయి. కొలరాడోలో ఒక ఔత్సాహికుడు తయారుచేసి, 2016లో పేటెంటు పొందిన 'నివాట్' వాటిలో ఒకటి. ఇంకా 'ఒహాయోస్ ట్రెజర్' అనే పేరుతో మరొకటి నర్సరీల్లో కనిపిస్తుంది. నివాట్ నా దగ్గర నాలుగేళ్లుగా ఉంది. వేసవి కాపు ఒకటి, కొత్త కాండాల మీద రెండో కాపు ఒకటి ఇస్తుంది. చలికాలం చివర కాండాలన్నీ నేలమట్టంగా కోసేస్తే శరత్కాలపు కాపు ఒక్కటే వస్తుంది. కాపు తగ్గినా, ఏ కాండం తీయాలి, ఏది ఉంచాలి అనే తలనొప్పి ఉండదు, చలికి కాండాలు మాడే భయమూ ఉండదు.

నా అనుభవంలో అసలు సమస్య శరత్తులో కాయడం కాదు, మంచు పడేలోగా పండడం. ఇక్కడి చల్లని సెప్టెంబరు వానల్లో సగం కాయ పచ్చిగానే బూజు పడుతుంది. కొలంబస్‌లో అక్టోబరు మధ్యకల్లా తొలి మంచు పడుతుందనుకుంటే, సెప్టెంబరు మూడో వారంలో నాలుగైదు పండ్లు మాత్రమే ముదిరి, మిగిలినదంతా పూత, పచ్చికాయ ఉన్న మీ మొక్క ఆలస్యపు రకమే. మీరు ఏరుకోవలసింది మొదట తొందరగా పూసే మొక్కను. పండు పరిమాణం తర్వాత.

కొన అంటు గురించి: శరత్తులో కాసే మొక్కల్లో ప్రధాన కాండం పూతతో ముగుస్తుంది కనుక అందరికీ ఇదే ఇబ్బంది. నేను జూన్‌లో ఒకటి రెండు కాండాల కొన గిల్లేస్తాను. పక్క కొమ్మలు ఆలస్యంగా వచ్చి, కొన్ని పూయకుండానే ఎలుక తోకలా సన్నబడి కిందికి వాలతాయి. ఆ కొనను రెండు మూడు అంగుళాల లోతున మట్టిలో పాతి, పైన రాయి పెడితే వసంతానికి వేళ్లు పట్టి ఉంటుంది. కాపు చూడాలనుకున్న కాండాల కొన మాత్రం గిల్లకండి, పూత ఇంకా వెనక్కి పోతుంది.

ప్రశ్నించినవారు: ఒహాయో పెరటి రైతు

ముగ్గురికీ కృతజ్ఞతలు. గోళ్ల కత్తెర పక్కన పెట్టేశాను. రెండు సందేహాలు మిగిలాయి. నివాట్‌కు పేటెంటు ఉన్నందున దాని పుప్పొడిని వాడుకోవడం తప్పవుతుందా? రెండవది, తొలి తరం మొక్క పూలకు దాని పుప్పొడినే అద్ది రెండో తరం తీయవచ్చా? స్థలం విషయానికి వస్తే, ఇప్పటిదాకా వంకాయ, టమాటా, మిర్చి వేస్తున్న మడులనే ఖాళీ చేసి దీనికి ఇవ్వాలనుకుంటున్నాను.

సమాధానం: విల్లామెట్ లోయ నుంచి

ఆ మడుల్లో మాత్రం వద్దు. నేను ముందు చెప్పిన వెర్టిసిల్లియం శిలీంధ్రం వంకాయ, టమాటా, మిర్చి, బంగాళదుంప మొక్కల మీద బతికి మట్టిలో ఏళ్ల తరబడి నిలిచి ఉంటుంది; నల్ల రాస్ప్‌బెర్రీకి అది ప్రాణాంతకం. తెలుగువాళ్ల పెరట్లో ఈ నాలుగూ వేయని చోటు దొరకడం కష్టమని నాకు తెలుసు. గడ్డి ఉన్న వైపు తవ్వండి. అడవి మొక్కను పెరట్లోకి తెచ్చే ముందు వైరస్ పరీక్ష చేయించడం కూడా మంచిది. చాలా వైరస్‌లు గింజ ద్వారా రావు కానీ, బుషీ డ్వార్ఫ్ అనే వైరస్ పుప్పొడితోనూ గింజతోనూ వస్తుంది, మీ జ్యూయెల్ మొక్కలకు అంటుకుంటే ముత్యాలు విడిపోయే కాయలే మిగులుతాయి.

సమాధానం: బాపట్ల పాత విద్యార్థి

పేటెంటు గురించి: అమెరికాలో మొక్కల పేటెంటు అంట్లు, పిలకలు, కత్తిరింపుల ద్వారా అదే మొక్కను మళ్లీ పెంచడాన్ని నిషేధిస్తుంది. కొనుక్కున్న మొక్క పువ్వుతో సంకరం చేసి, గింజ నుంచి కొత్త మొక్క తీయడం దాని పరిధిలోకి రాదు. నివాట్ కొన అంటు కట్టి పక్కింటివారికి ఇవ్వడం మాత్రం తప్పే.

నివాట్ మాట వచ్చాక నా సలహా కొంత మారుతోంది. వచ్చే జూన్‌లో మీ అడవి మొక్కను జ్యూయెల్‌తో పాటు నివాట్‌తో కూడా సంకరం చేయండి. రెండింటిలో ఉన్నది ఒకే అంతర్గత జన్యువు అయితే, ఆ సంకరం తొలి తరం మొక్కలన్నీ శరత్తులో కాస్తాయి. ఒక్కటీ కాయకపోతే రెండింటిలో వేర్వేరు జన్యువులు ఉన్నట్లు. మొదటి సందర్భంలో మీకు రెండేళ్లు కలిసివస్తాయి, రెండో సందర్భంలో మీ మొక్కలో ఇంతవరకు వాడుకలో లేని కొత్త జన్యువు దొరికినట్లే. పదిహేను మొక్కలతో తేలిపోయే పరీక్ష ఇది, దీనిని వదులుకోవద్దు.

స్వపరాగ సంపర్కం చేయవచ్చు, కాయ కాస్తుంది. కానీ రాస్ప్‌బెర్రీలో సొంత పుప్పొడితో తీసిన సంతానం చాలావరకు బలహీనంగా, పొట్టిగా వస్తుంది, మీరు గుణాన్ని పట్టుకుని మొక్కను పోగొట్టుకుంటారు. దానికి బదులు అడవి మొక్కను జ్యూయెల్‌తో ఒక సంకరం, మరొక మామూలు రకంతో ఇంకొక సంకరం చేసి, ఆ రెండు తొలి తరాలను ఒకదానితో ఒకటి కలపండి. రెండింటిలోనూ ఆ జన్యువు దాగి ఉంది కనుక నాలుగింట ఒకటి అనే లెక్క మారదు, అయితే రక్తం అంత దగ్గరది కాదు. జ్యూయెల్ తల్లిదండ్రుల్లో బ్రిస్టల్, డండీ ఉన్నాయి కనుక రెండో రకంగా ఆ రెండింటినీ తీసుకోకండి, మేనరికం మళ్లీ వెనుక తలుపు నుంచి వస్తుంది. అయోవా నుంచి వచ్చిన బ్లాక్ హాక్ లాంటిదేదైనా చూడండి.

కాలం విషయం కూడా దాచకుండా చెబుతాను. మొదటి జూన్‌లో సంకరం. గింజలు కడిగి, ఉప్పు కాగితంతో సున్నితంగా రుద్ది, తడి ఇసుకలో కలిపి మూడు నాలుగు నెలలు ఫ్రిజ్‌లో. ప్రయోగశాలల్లో గింజ పెంకు పలచబడేందుకు గంధకికామ్లం వాడతారు కానీ వంటింట్లో ఆ సాహసం వద్దు. ఫిబ్రవరిలో ఇంట్లో దీపాల కింద మొలకలు, రెండో ఏడంతా పెంపకం. మూడో జూన్‌లో తొలి తరం పూస్తుంది, అప్పుడు రెండో సంకరం. నాలుగో ఏడు ఫిబ్రవరిలో మొలకెత్తించిన మొక్కల్లో చురుకైనవి ఆ శరత్తులోనే పూయవచ్చు, తక్కినవాటి సంగతి ఐదో ఏడు తేలుతుంది. అక్కడి నుంచి ఏరిన నాలుగైదు మొక్కలను అంట్లతో పెంచి, కనీసం మూడు శరత్తులు కాపు చూడకుండా వాటికి పేరు పెట్టకండి.

సమాధానం: పాడేరు కాఫీ తోట

మధ్యలో వచ్చినందుకు క్షమించండి. మా ఏజెన్సీ ప్రాంతంలో వీటిని పెంచవచ్చా? ఇక్కడ శరత్తులో కాసే రకమైతే చలి తక్కువైనా సరిపోతుందని ఎవరో అన్నారు.

సమాధానం: బాపట్ల పాత విద్యార్థి

మీ దగ్గర ప్రయత్నించదగినది ఇది కాదండీ. నల్ల రాస్ప్‌బెర్రీ తూర్పు ఉత్తర అమెరికా చలికాలానికి అలవాటుపడిన మొక్క. నల్లని పండు కాసే మైసూరు రాస్ప్‌బెర్రీ మన దేశపు కొండల మొక్కే, దానిని ముందు చూడండి. అయితే గలపాగోస్ దీవుల్లో అదే అడవిని కమ్మేసి బెడదగా మారింది కనుక కంచె దాటనివ్వకండి. అమెరికా నుంచి గింజలు జేబులో వేసుకుని తెచ్చే ఆలోచన ఎవరైనా చెబితే వినవద్దు. 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి అనుమతి తప్పనిసరి.

సమాధానం: గద్వాల సీడు పత్తి

ఒహాయో మిత్రులకు చివరిగా ఒకటి. ప్రతి సంచికి అల్యూమినియం రేకు ముక్క కట్టి, తల్లి పేరు ముందు, తండ్రి పేరు తర్వాత, తేదీతో సహా పెన్సిల్‌తో గట్టిగా నొక్కి రాయండి. పెన్ను రాత ఆగస్టుకల్లా ఎండకు వెలిసిపోతుంది. నేను మొదటి ఏడు ప్లాస్టిక్ బిళ్లల మీద పెన్నుతో రాసి, శరత్తులో పద్దెనిమిది తెల్లని బిళ్లలు చేతిలో పట్టుకుని నిలబడ్డాను.